ఒకే హెక్స్‌లో రెండు స్క్వాడ్‌లు: అడ్వాన్స్డ్ స్క్వాడ్ లీడర్ క్లోజ్ కంబాట్ రూల్స్ మీద రివ్యూ

అడ్వాన్స్డ్ స్క్వాడ్ లీడర్ అనే యుద్ధ బోర్డ్‌గేమ్ కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే, రూల్‌బుక్‌ని మొదటి పేజీ నుంచి చదవొద్దంటాను. నేరుగా ‘ఎ’ చాప్టర్‌లో 11వ సెక్షన్ తీయండి. దాని పేరు క్లోజ్ కంబాట్, అంటే దగ్గరి పోరు. చదువుతుంటే ఇంకా ఏముందో చూద్దాం అనిపిస్తే ఈ గేమ్ మీకు పడుతుంది. రెండో పేరాకే విసుగొస్తే ఆ బరువైన బైండర్ కొని అటకెక్కించడం దండగ.

నేను పొట్టకూటికి యంత్రాల వాడుక పుస్తకాలు రాస్తాను. ఏ మూత ముందు తీయాలి, ఏ మీట ఎప్పుడు నొక్కకూడదు, నొక్కితే ఏమవుతుంది లాంటివి. అందుకే ఏ రూల్‌బుక్ చేతికొచ్చినా బొమ్మలు, కవర్ తర్వాత చూస్తాను. ఆట మధ్యలో ఇద్దరు వాదులాడుకుంటున్నప్పుడు ఆ పుస్తకం తెరిస్తే వాదన ఆగుతుందా, పెరుగుతుందా అన్నదే నా లెక్క. ఈ గేమ్‌లో అన్నిటికన్నా ఎక్కువ వాదన పుట్టేది క్లోజ్ కంబాట్ దగ్గరే కాబట్టి ఈ రివ్యూ అంతా దాని గురించే.

తెలియనివాళ్ళకు కాస్త పూర్వకథ. జాన్ హిల్ డిజైన్ చేసిన స్క్వాడ్ లీడర్‌ను అవలాన్ హిల్ కంపెనీ 1977లో తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు పదిమంది సైనికులుండే స్క్వాడ్ స్థాయిలో జరిగే పోరు దాని విషయం. తర్వాత దానికి అనుబంధాలు వచ్చి, రూల్స్ మీద రూల్స్ పేరుకున్నాయి. డాన్ గ్రీన్‌వుడ్ మొత్తం తిరగరాసి 1985లో అడ్వాన్స్డ్ స్క్వాడ్ లీడర్‌గా ఇచ్చాడు. ఇప్పుడు దాన్ని మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ అచ్చు వేస్తోంది. రూల్‌బుక్ రెండో ఎడిషన్ 2001లో వచ్చింది. పుస్తకం కుట్టి ఉండదు, రింగుల బైండర్‌లో విడి కాగితాలుగా ఉంటుంది. తప్పొప్పులు సరిచేసిన పేజీ వస్తే పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు. మా వృత్తిలో పెద్ద యంత్రాలకు ఇచ్చే పుస్తకాలూ ఇలాగే ఉంటాయి కాబట్టి, నా ఓటు బైండర్‌కే.

ఇక విషయానికి. ఆటలో ఒక హెక్స్, అంటే బోర్డు మీద ఆరు భుజాల గడి, నేల మీద సుమారు 40 మీటర్లు. ఒక టర్న్ సుమారు 2 నిమిషాలు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే క్లోజ్ కంబాట్ సగం అర్థమైనట్టే. ఇద్దరు శత్రువులు ఒకే హెక్స్‌లో ఉన్నారంటే జుట్టూ జుట్టూ పట్టుకున్నారని కాదు. ఒకడు ముందు గదిలో, ఇంకొకడు వెనక మెట్ల కింద ఉండొచ్చు. గ్రెనేడ్లు, తుపాకీ మడమలు, గోడ చాటు నుంచి అరుపులు, అన్నీ ఆ 40 మీటర్లలోనే. అందుకే ఇక్కడ ఒక్క దెబ్బతో తేలిపోవడం తక్కువ. కొత్తవాళ్ళకు మొదట నిరాశ కలిగించేదీ ఇదే.

ఒక ఆటగాడి టర్న్‌లో 8 ఫేజ్‌లు ఉంటాయి. ర్యాలీ, ప్రెప్ ఫైర్, మూవ్‌మెంట్, డిఫెన్సివ్ ఫైర్, అడ్వాన్సింగ్ ఫైర్, రౌట్, అడ్వాన్స్, చివరగా క్లోజ్ కంబాట్. మామూలుగా పదాతిదళం మూవ్‌మెంట్ ఫేజ్‌లో శత్రువున్న హెక్స్‌లోకి అడుగుపెట్టలేదు. పక్క హెక్స్ దాకా వచ్చి, అడ్వాన్స్ ఫేజ్‌లో ఒక్క హెక్స్ లోపలికి జరగాలి. ఆ జరిగేటప్పుడు ఎదుటివాడు కాల్చలేడు. అంటే పక్క హెక్స్‌లో ప్రాణాలతో, ధైర్యం చెడకుండా మిగలడమే అసలు పరీక్ష. అది దాటితే లోపలికి వెళ్ళడానికి ఎవరూ అడ్డం రారు. ఈ వరుస అర్థమైన రోజు నుంచి మనిషి ఆట తీరే మారిపోతుంది. మెషిన్‌గన్ ఉన్న ఇంటి మీదికి నేరుగా పరుగెత్తడం మానేసి, ఆ పక్క ఇంట్లోకి ఎలా చేరాలా అని చూడటం మొదలుపెడతాడు.

ఇప్పుడు దగ్గర నుంచి ఒక సందర్భం చూద్దాం. రాతి ఇంట్లో ఒక జర్మన్ స్క్వాడ్ ఉంది. దాని కౌంటర్ (అట్ట బిళ్ళ) మీద 4-6-7 అని ఉంటుంది: ఫైర్‌పవర్ (కాల్పుల బలం) 4, రేంజ్ (ఎన్ని హెక్స్‌ల దూరం కాల్చగలదో) 6, మొరేల్ (ధైర్యం) 7. దగ్గర ఒక లైట్ మెషిన్‌గన్ కూడా ఉంది. పక్క హెక్స్ నుంచి సబ్‌మెషిన్‌గన్లు పట్టుకున్న రష్యన్ స్క్వాడ్ 6-2-8 లోపలికి అడ్వాన్స్ అయింది. అంతసేపూ దూరం నుంచి ఆ రష్యన్లను ఎవరూ లెక్కచేయలేదు, ఎందుకంటే వాళ్ళ రేంజ్ రెండే హెక్స్‌లు. ఇక్కడికొచ్చాక రేంజ్‌తో పని లేదు. ఫైర్‌పవర్ ఒక్కటే లెక్క, అది 6.

జర్మన్ వైపు ఆడేవాడు వెంటనే అడిగేది మెషిన్‌గన్ గురించి. దాని ఫైర్‌పవర్ కలపాలా? కలపకూడదు. మెషిన్‌గన్ లాంటి సపోర్ట్ వెపన్ల బలం క్లోజ్ కంబాట్‌లో లెక్కలోకి రాదు. రాతి గోడల రక్షణ? అదీ రాదు. రెండు హెక్స్‌ల దూరం నుంచి కాల్చినప్పుడు ఆ రాతి ఇల్లు పాచికల మొత్తానికి +3 కలిపి కాల్చేవాడికి నష్టం చేసేది; ఈ గేమ్‌లో దాడికి తక్కువ పడటమే మేలు. శత్రువు గోడకు ఇవతలే ఉన్నప్పుడు గోడ ఏం కాపాడుతుంది? మనుషులు మనుషులతో, అంతే. ఇది చాలా న్యాయమైన రూల్. దూరం నుంచి కదలని కొండలాంటి స్థానాన్ని దగ్గరకొస్తే మామూలు ఇంటిగా మార్చేస్తుంది. దాడి చేసేవాడు ఇన్ని టర్న్‌లు రక్తం కార్చి ఇక్కడిదాకా రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు నిష్పత్తి. 6కి 4, అంటే 3-2. చార్టులో ఆ వరుసలో కిల్ నంబర్ 6. రెండు పాచికలు వేస్తే మొత్తం 6 కంటే తక్కువ పడితే ఎదుటి దళం మొత్తం పోతుంది. సరిగ్గా 6 పడితే క్యాజువల్టీ రిడక్షన్, అంటే స్క్వాడ్ సగమై హాఫ్-స్క్వాడ్ అవుతుంది. అంతకంటే ఎక్కువ పడితే ఏమీ కాదు. 36 అవకాశాల్లో పూర్తిగా చంపేవి 10, సగం చేసేవి 5, మిగతా 21 వట్టివే. బలం ఒకటిన్నర రెట్లు ఉన్నా సగానికి పైగా సార్లు ఏమీ జరగదు. సమ ఉజ్జీలైతే, అంటే 1-1 అయితే, కిల్ నంబర్ 5. అప్పుడు 36లో 26 సార్లు దెబ్బ తగలదు. ఇద్దరూ కొట్టుకుని ఇద్దరికీ ఏమీ కాకపోవడం సగం కంటే కాస్త ఎక్కువ సార్లే జరుగుతుంది.

నిష్పత్తి ఎప్పుడూ దెబ్బ తినేవాడికి అనుకూలంగా కిందికే దిగుతుంది. 7కి 4 అన్నా 3-2నే, 2-1 కాదు. ఇది అందరికీ తెలుసు. చాలామంది గమనించనిది రెండో వైపు. జర్మన్ ఎలైట్ స్క్వాడ్ 5-4-8 అమెరికన్ 6-6-6 మీద తిరగబడితే 5కి 6 అవుతుంది. ఒక్క పాయింటే తేడా కదా, దాదాపు సమానమే కదా అనిపిస్తుంది. చార్టు అలా అనుకోదు. 1-1కి ఒక్క పాయింట్ తగ్గినా 1-2లోకి జారిపోతుంది. ఒక్క పాయింట్ తక్కువైతే సగం బలం ఉన్నవాడితో సమానం. కాబట్టి లోపలికి అడ్వాన్స్ అయ్యే ముందు మన బలం ఎంత అని కాకుండా, ఏ మెట్టు మీద ఉన్నాం, ఇంకొక్క పాయింట్ దొరికితే పై మెట్టు ఎక్కుతామా అని లెక్కపెట్టాలి. ఆ ఒక్క పాయింట్ తరచూ లీడర్, అంటే అధికారి కౌంటర్, రూపంలో దొరుకుతుంది. క్లోజ్ కంబాట్‌లో లీడర్‌కు 1 ఫైర్‌పవర్ ఉంటుంది, పైగా తన లీడర్‌షిప్ మాడిఫయర్ (పాచికలకు కలిపే సవరణ) కూడా దాడికి కలుస్తుంది. 8-1 (మొరేల్ 8, మాడిఫయర్ -1) లాంటి లీడర్ పక్కనుంటే 1-1 దాడిలో 5 పడినా శత్రువు మొత్తం పోతాడు. అయితే స్క్వాడ్‌తో కలిపి అతని మీద దాడి జరిగి కిల్ పడితే అతనూ పోతాడు. ఆటలో ఖరీదైన కౌంటర్‌ను ఇలా పంపాలా అన్న టెన్షన్ ప్రతిసారీ ఉంటుంది. నేను పంపుతాను. దాచుకున్న లీడర్ వల్ల ఆట గెలిచినవాళ్ళను నేనింకా చూడలేదు.

ఇక అసలు గొడవ పుట్టే చోటికి వద్దాం. మా తమ్ముడికి ఈ గేమ్ నేర్పుతున్నప్పుడు వాడి రష్యన్లు 4 వేశారు. వాడు చెయ్యి చాచి, “అక్కా, నీ స్క్వాడ్ పోయింది, తీసెయ్” అన్నాడు.

“తీస్తాను. ముందు దాని దెబ్బ పడనీ” అన్నాను.

“చచ్చినవాడు ఎలా కొడతాడు?”

“ఎవడు ముందు కొట్టాడని రాసుందిరా? నువ్వు ముందు పాచికలు వేశావు, అంతే. రెండు దెబ్బలూ ఒకేసారి పడ్డట్టు లెక్క.”

వాడు పుస్తకం లాక్కుని చదివాడు. నిజమే. క్లోజ్ కంబాట్ మామూలుగా ఏకకాలం. ఇద్దరి దాడులూ పూర్తయ్యాకే ఫలితాలు అమలవుతాయి. ఇద్దరూ పోయి హెక్స్ ఖాళీగా మిగలొచ్చు. పాచికలు ఒకరి తర్వాత ఒకరు వేయడం బల్ల మీది సౌకర్యం మాత్రమే.

ఈ గందరగోళానికి పుస్తకం వైపు నుంచీ కొంత కారణం ఉంది. రూల్‌బుక్‌లో ‘అటాకర్’ అని అన్నీ పెద్ద అక్షరాల్లో అచ్చయితే ఆ టర్న్ ఎవరిదో ఆ ఆటగాడని. అదే మాట చిన్న అక్షరాల్లో ఉంటే ఆ క్షణంలో దాడి చేస్తున్నవాడు ఎవరైనా కావచ్చు. కాల్పుల రూల్స్‌లో ఈ తేడా అంతగా ఇబ్బంది పెట్టదు. క్లోజ్ కంబాట్‌లో మాత్రం ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తారు, ఇద్దరూ ఒకేసారి కాచుకుంటారు. ఒకే వాక్యంలో ఆ మాట రెండు రకాలుగా వచ్చినప్పుడు కంటి చూపు కాస్త జారితే అర్థం తలకిందులవుతుంది. పాచికల సంగతీ అంతే: పెద్ద అక్షరాల ‘డీఆర్’ అంటే రెండు పాచికలు, చిన్న అక్షరాలదైతే ఒకటే. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు ఎవరైనా ఇలా రాసుకొస్తే ఎర్ర సిరాతో తిప్పి పంపేదాన్ని. ప్రాణానికి ప్రమాదం లేని పుస్తకం కాబట్టి సరిపోయింది.

ఏకకాలం అయినా, దాడుల ప్రకటనకు మాత్రం వరుస ఉంది. టర్న్ ఎవరిదో వాళ్ళు తమ దాడులన్నీ ముందు చెప్పాలి, ఆ తర్వాత ఎదుటివాడు తనవి చెబుతాడు. ఇది కాచుకునేవాడికి చిన్న వరం, ఎదుటివాడి ఎత్తు చూశాక తన ఎత్తు వేసుకోవచ్చు.

దీనికి జోడీగా ఇంకో రూల్ ఉంది. సెక్షన్ మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. ఒక క్లోజ్ కంబాట్ ఫేజ్‌లో ఏ దళమైనా ఒక్కసారే దాడి చేయగలదు, దాని మీదా ఒక్కసారే దాడి జరగాలి. రెండు 4-4-7 స్క్వాడ్‌లు ఒక 4-6-7 మీద పడ్డాయనుకోండి. కాల్పులకు అలవాటుపడినవాడు ఏమంటాడంటే, ఒక్కొక్కటీ విడిగా 1-1 చొప్పున కొడతాయి, రెండుసార్లు పాచికలు వేస్తాను అంటాడు. కుదరదు. ఆ జర్మన్ స్క్వాడ్ మీద జరిగేది ఒక్కటే దాడి. కాబట్టి రెండూ కలిసి 8కి 4, అంటే 2-1 చొప్పున ఒకేసారి కొట్టడం తెలివైన పని. ఇప్పుడు జర్మన్ వంతు. అతను రెండు స్క్వాడ్‌లనూ కలిపి 4కి 8 చొప్పున కొట్టొచ్చు, లేదా ఒకదాన్నే ఎంచుకుని 4కి 4 చొప్పున కొట్టొచ్చు. మొదటిదానిలో అవకాశం తక్కువ, కానీ కిల్ పడితే రెండూ పోతాయి. రెండోదానిలో అవకాశం ఎక్కువ, పోయేది ఒకటే. నిండా మునిగాక చలేమిటని రెండిటి మీదా పడేవాళ్ళున్నారు. తర్వాతి టర్న్‌కు సాయం వస్తుందన్న ఆశ ఉంటే నేను ఒకదాన్నే కొడతాను. ఏది సరి అన్నది బోర్డు మీద మిగతా చోట ఏం జరుగుతోందో దాన్ని బట్టే. ఒక చిన్న రూల్ ఇంత ఆలోచన పుట్టించడం నాకు ఆశ్చర్యమే. కలిపి కొట్టినప్పుడు కిల్ నంబర్‌కు సరిగ్గా సమానం పడితే మాత్రం అందరూ సగం కారు. ఎవరికి దెబ్బ తగిలిందో ర్యాండమ్‌గా ఒకరిని తేల్చాలి.

ఇక యాంబుష్, అంటే మాటువేసి కొట్టడం. ఈ సెక్షన్‌కు ఇదే ఉప్పు. ఇల్లు, అడవి లాంటి చోట్లకు అడ్వాన్స్ అయినప్పుడు, లేదా రెండు వైపుల్లో ఎవరైనా కన్సీల్డ్‌గా, అంటే ప్రశ్నార్థకం కౌంటర్ కింద దాగి ఉన్నప్పుడు, దాడులకు ముందు ఇద్దరూ తలొక పాచిక వేస్తారు. ఒకరిది ఇంకొకరి కంటే కనీసం 3 తక్కువైతే తక్కువ పడినవాడు యాంబుష్ చేసినట్టు. అప్పుడు ఏకకాలం రద్దు. యాంబుష్ చేసినవాడు ముందు కొడతాడు, అదీ -1 లాభంతో. బతికి బయటపడినవాళ్ళు ఉంటే +1 నష్టంతో తిరిగి కొడతారు. మా తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు మారుతుంది, యాంబుష్‌లో చచ్చినవాడు నిజంగానే కొట్టడు. అసలు తలపడకుండా జారుకునే వీలు కూడా యాంబుష్ చేసినవాడికి ఉంది.

ఏ సవరణా లేకపోతే ఇది సమానమైన జూదం. ఒక్కొక్కరికి 36లో 6 అవకాశాలు. దాగి ఉన్నవాడికి -2 ఇవ్వగానే లెక్క ఎలా తిరుగుతుందో చూడండి. దాగినవాడు యాంబుష్ చేసే అవకాశాలు 15కి పెరుగుతాయి, దూరి వచ్చినవాడివి ఒక్కటికి పడిపోతాయి. ఆ వచ్చినవాడు డబుల్ టైమ్‌లో పరుగెత్తి, అలసటను చూపే సీఎక్స్ కౌంటర్ నెత్తిన పెట్టుకుని, రొప్పుతూ లోపలికి వచ్చాడనుకోండి. అతని పాచికకు +1 కలుస్తుంది. ఇప్పుడు దాగినవాడికి 21, వచ్చినవాడికి సున్నా. అతను ఎంత మంచి పాచిక వేసినా ప్రయోజనం లేదు. అలసటకు శిక్ష అక్కడితో ఆగదు, సీఎక్స్ దళం చేసే క్లోజ్ కంబాట్ దాడికీ +1 పడుతుంది. చప్పుడు లేకుండా మసలే స్టెల్తీ దళాలకు యాంబుష్ పాచిక మీద -1, అజాగ్రత్తగా ఉండే లాక్స్ దళాలకు +1, లీడర్ ఉంటే అతని మాడిఫయర్ కూడా కలుస్తాయి. చీకటి గదిలోకి ఎవరు ఎలా అడుగుపెట్టారన్న కథ మొత్తం ఒక్క పాచికలో చెప్పేశారు. డిజైన్ అంటే ఇదీ.

నా అభ్యంతరమల్లా ఈ సమాచారం దొరికే తీరు మీద. యాంబుష్ ఎప్పుడు జరుగుతుందన్నది 11వ సెక్షన్‌లో. కన్సీల్‌మెంట్ అంటే ఏమిటో, అది ఎలా పోతుందో 12లో. ఖైదీలుగా పట్టుకోవడం 20లో. హ్యాండ్-టు-హ్యాండ్ అని ఇంకా భీకరమైన రకం ఒకటుంది, ఇద్దరికీ చావు అవకాశం బాగా పెరుగుతుంది. దాని కోసం పూర్తిగా వేరే చాప్టర్ దాకా వెళ్ళాలి. ప్రతి ముక్కా ఉండాల్సిన చోట ఉందని వాదించవచ్చు. విషయ సూచిక అద్భుతంగా ఉందని కూడా ఒప్పుకుంటాను, ఇంత ఓపికగా చేసిన ఇండెక్స్ మా రంగంలోనే అరుదు. కానీ ఆట మధ్యలో ఉన్నవాడికి కావలసింది వర్గీకరణ కాదు, వరుస. ఎవరెవరు ఈ హెక్స్‌లో ఉన్నారు, యాంబుష్ చూడాలా, ఎవరు ముందు ప్రకటించాలి, ఎవరు ఎవరిని కొడుతున్నారు, ఫలితాలు ఎప్పుడు అమలు, మిగిలినవాళ్ళ మీద పోరు ఇంకా తేలలేదని చెప్పే మెలే కౌంటర్ పెట్టాలా. ఈ వరుసను ఒక అట్ట ముక్క మీద రాసి బోర్డు పక్కన పెట్టాను. అప్పటి నుంచి బైండర్ తెరవాల్సిన అవసరం చాలా తగ్గింది. సెక్షన్‌లో ఈ వరుస లేదని కాదు, వాక్యాల మధ్య దాగి ఉంది. దాన్ని పైకి తీసి మొదటి పేరాగా పెట్టి ఉంటే సగం వాదనలు పుట్టేవే కావు.

మెలే గురించి. ఇద్దరూ కొట్టుకున్నాక రెండు వైపులా నిలిచి ఉన్నవాళ్ళు మిగిలితే వాళ్ళ మీద మెలే కౌంటర్ పడుతుంది. ఇక వాళ్ళు కదలలేరు, బయటికి కాల్చలేరు. ఇద్దరి టర్న్‌లలోనూ చివర్న మళ్ళీ కొట్టుకుంటారు. బయటినుంచి ఎవరైనా ఆ హెక్స్‌లోకి కాలిస్తే సొంతవాళ్ళకూ తగులుతుంది. చాలామంది దీన్ని విఫలమైన దాడిగా చూస్తారు. కానే కాదు. ఎదుటివాడి దగ్గర మెషిన్‌గన్‌తో వీధి మొత్తాన్ని ఏలుతున్న స్క్వాడ్ ఉందనుకోండి. ఒక బలహీనమైన హాఫ్-స్క్వాడ్‌ను పంపి మెలేలో ఇరికించినా చాలు. చనిపోయేలోపు ఒక్క టర్న్ పట్టి ఉంచినా ఆ వీధిలో మిగతావాళ్ళు దాటిపోతారు. ఆఖరి టర్న్‌లో అయితే మెలే విలువ ఇంకా ఎక్కువ. ఆయుధం పట్టిన శత్రువు లోపల ఉండగా ఆ ఇంటిని కొత్తగా స్వాధీనం చేసుకోవడం కుదరదు. ఆట మొత్తం ఒక గదిలో ఇరుక్కున్న నలుగురి మీద తేలడం ఈ గేమ్‌లో మామూలే.

మెలే నుంచి తప్పుకోవచ్చు, కాని వెళ్ళేవాడు తిరిగి కొట్టలేడు, అతని మీద దాడికి -2 లాభం. వీపు చూపించిన ధర అది. సవరణలు కలపకముందు పాచికల మీద 2 పడినా, ఎదుటివాడికి 12 పడినా ఇన్‌ఫిల్ట్రేషన్ పేరుతో జారిపోయే దారి ఉంది. అదే 2 వల్ల కొత్త లీడర్ పుట్టే అవకాశమూ ఉంది. ఖైదీలుగా పట్టుకోవాలంటే దాడికి +1 నష్టం. ట్యాంకుల మీద పదాతిదళం చేసే క్లోజ్ కంబాట్ పూర్తిగా వేరే లెక్క. నిష్పత్తి ఉండదు, స్క్వాడ్‌కు 5 అని ఒక విలువ ఉంటుంది, దాని కంటే తక్కువ వేయాలి. అంతకన్నా ముందు ట్యాంకు మీదికి వెళ్ళే ధైర్యం ఉందా అని ఒక టాస్క్ చెక్ పాసవ్వాలి. చాలా స్క్వాడ్‌లు అక్కడే ఆగిపోతాయి, ఆగినందుకు వాళ్ళను తప్పుపట్టబుద్ధి కాదు.

పోలిక కోసం ఇంకో గేమ్ చెప్పాలి. చాడ్ జెన్సన్ డిజైన్ చేసి, జీఎంటీ గేమ్స్ 2006లో తెచ్చిన కంబాట్ కమాండర్: యూరప్. అందులో మెలే అంటే ఇరుపక్షాల ఫైర్‌పవర్ కూడి, చెరొక రోల్ కలిపి, తక్కువ వచ్చినవాళ్ళు మొత్తం పోవడమే. సమానమైతే ఇద్దరూ పోతారు. నిమిషంలో తేలిపోతుంది, వాదనకు చోటే లేదు. రూల్ రాసిన తీరు చూస్తే వృత్తిరీత్యా నా మార్కులు దానికే. ఆడే మనిషిగా అడిగితే మాత్రం అడ్వాన్స్డ్ స్క్వాడ్ లీడర్‌నే ఎంచుకుంటాను. అక్కడ మెలే ఒక తీర్పు. ఇక్కడ అది ఒక పరిస్థితి, అందులో ఇరుక్కోవచ్చు, ఇరికించవచ్చు, ఇంకొకరిని పంపి తేల్చవచ్చు, వదిలేసి పక్క ఇంటి సంగతి చూసుకోవచ్చు. ఆ ఏమీ జరగని 26 అవకాశాలే ఆటను నడిపిస్తాయి.

కొనేవాళ్ళకు రెండు మాటలు. పెద్ద బైండర్‌తో మొదలుపెట్టాల్సిన పని లేదు. 2004లో వచ్చిన స్టార్టర్ కిట్ 1లో పదాతిదళం వరకే ఉంటుంది, రూల్స్ కొద్ది పేజీల్లో ముగుస్తాయి. క్లోజ్ కంబాట్ మూలసూత్రం దానిలోనూ ఇదే. అది నాలుగైదుసార్లు ఆడాక కూడా కన్సీల్‌మెంట్ కావాలి, ప్రశ్నార్థకాల కింద ఎవరున్నారో తెలియని ఆ భయం కావాలి అనిపిస్తే అప్పుడు బైండర్ కొనండి. దానితోపాటు బియాండ్ వేలర్ లాంటి మాడ్యూల్ కూడా కావాలి, రూల్‌బుక్ ఒక్కదానితో ఆడటానికి కౌంటర్లు రావు. మొదటి సీనారియో ఏది ఆడాలంటే, 1977 నాటి పెట్టెలోనే మొదటిదిగా వచ్చి తర్వాత ఈ గేమ్‌లోకీ మారిన ద గార్డ్స్ కౌంటర్‌అటాక్. స్టాలిన్‌గ్రాడ్, దగ్గరదగ్గరగా రాతి ఇళ్ళు, సబ్‌మెషిన్‌గన్ల రష్యన్లు. ఇందులో మీరు జర్మన్లు తీసుకుంటే, ఆ 6-2-8లు పక్క ఇంటి దాకా చేరకముందే కాల్చండి. చేరాక మీ చార్టులో మీకు అనుకూలమైన వరుస ఉండదు.